నోరు తెరిచిన మట్టి ముఖం

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో బస్టాండు మైకులో చెప్పే ఆవిడకి గొంతు పోయింది. ఊరంతా ఆ గొంతు విన్నవాళ్ళే గాని, ముఖం ఎరిగినవాళ్ళు తక్కువ. ఆపరేషన్‌లో గడ్డ తీసేశాక గరగరమనే గుసగుస మాత్రం మిగిలింది. పైవాళ్ళు జాలిపడి, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గదిలో కూర్చోబెట్టారు. మైకులో ఇప్పుడు కొత్తపిల్ల పలుకుతోంది.

కూరల కొట్టువాడు "ఏంటమ్మా?" అని రెండోసారి అడిగితే చాలు, ఖాళీ సంచీతో వచ్చేసేది. మాట్లాడవలసిన చోట్లకి వెళ్ళడమే మెల్లగా మానేసింది. ఇంట్లోనా, పలకరించే నాథుడు లేడు.

ఆస్పత్రి నర్సు ఊరుకోలేదు. "లైబ్రరీ వెనక గదిలో శనివారాలు మట్టిబొమ్మలు చేస్తారు. అక్కడ నోటితో పనిలేదు, వెళ్ళండి," అని పోరుపెట్టింది.

ఆ ఒక్క ముక్క నచ్చి వెళ్ళింది. చివరి బల్ల దగ్గర కూర్చుంది. పక్కన సెలూన్ నడిపే ఆయన, నోటికి తాళం లేని మనిషి. ఎవరికి తోచిన ముఖం వాళ్ళు చేయమంది బొమ్మలు నేర్పే పంతులమ్మ. ఈవిడ చేసిన ముఖం నోరు బార్లా తెరిచింది. పై పెదవి జారి కూలిపోయింది. మరో శనివారం చేసింది. అదీ కూలింది.

"కాస్త నోరు మూయించమ్మా, నిలబడుతుంది," అన్నాడు సెలూనాయన.

"మూయను."

"ఏమన్నావు? వినపడలా."

లేచిపోదామనుకుంది. చేతులనిండా మట్టి.

"మూయనన్నాను, అన్నయ్యా."

"సరే, అయితే లోపల ఊతం పెట్టు," అని తన మట్టిలోంచి ఓ ముద్ద తుంచి ఇచ్చాడు. గొంతుకేమైందని మాత్రం అడగలేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ వారంవారం వాదించుకున్నారు. వినపడకపోతే ఆయన చెవి ఒగ్గేవాడు, ఆవిడ మళ్ళీ చెప్పేది.

ముఖం చెంప మీద చిన్న బీటతో బట్టీలోంచి బయటపడింది. అందరి బొమ్మలతోపాటు లైబ్రరీ వరండాలో పెట్టారు. చూడవచ్చిన ఓ ముసలావిడ దాని ముందే నిలబడిపోయింది.

"అరుస్తోందా, పాడుతోందా ఇది?"

"పిలుస్తోందండీ. నేనే చేశాను."

"మీవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు సెలూనాయన పక్కనుంచి.

తల అడ్డంగా ఊపింది. చీకటి పడేవేళకి ఎవరివాళ్ళతో వాళ్ళు కబుర్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఆవిడ ఒక్కతే ఇంటికొచ్చి, లైటు వేసి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయింది. దూరాన ఉన్న అక్కకి ఆపరేషన్ సంగతే చెప్పలేదు. ఇన్నాళ్ళూ మెసేజీలతో నెట్టుకొచ్చింది. ఫోను తీసి నంబరు నొక్కింది.

"అక్కా."

"ఎవరండీ?"

పెట్టేద్దామా అనిపించింది.

"నేనే అక్కా, నీ చెల్లెల్ని. గొంతు పోయింది. ఇక ఇంతే."

"ఉండవే, టీవీ కట్టేసి వస్తాను."

అవతల చప్పుడు ఆగింది. కుర్చీ లాగినట్టు వినిపించింది.

"ఊఁ, ఇప్పుడు చెప్పు," అంది అక్క.

ఆవిడ మొదటినుంచీ చెప్పసాగింది. మధ్యమధ్య గొంతు ఆగిపోయేది. అక్క తొందరపెట్టలేదు.