పొట్టి దెబ్బల బేరం

గావిన్ ఫ్లెట్ ఊరు దాటేటప్పటికి అతని చేతిలో ఉన్నవి ఒక పాత వ్యాను, అందులో రెండు గోల్ఫ్ సంచులు, చెరువుల్లోంచి ఏరి చవగ్గా అమ్మే పాత బంతులు ఒక బస్తా, ఓ వారం తీరిక, పక్క సీట్లో కాబోయే అల్లుడు. ఇవి కాక కూతురికిచ్చిన మాట ఒకటి ఉంది. అన్నిటికంటే బరువైన సరుకు అదే.

స్కార్‌హేవెన్ రేవులో గావిన్‌ది పడవల సామాన్ల కొట్టు. తాళ్లు, రంగు డబ్బాలు, గమ్‌బూట్లు, లాంతర్లు, ఏది అడిగినా ఏదో ఒక అరలోంచి తీసిచ్చేవాడు. తాత పెట్టిన కొట్టు. ఇప్పుడు గావిన్ మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. ఇన్వర్‌నెస్ నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి, కొట్టున్న ఆ మేడ తమకిస్తే సెలవులకొచ్చేవాళ్లకు గదులు కట్టుకుంటామన్నారు. మంచి ధరే చెప్పారు. వారం తిరిగేసరికి జవాబు కావాలన్నారు.

సరిగ్గా అప్పుడే అబర్డీన్ నుంచి కూతురు మోర్వెన్ ఫోన్ చేసింది.

"కొట్టు అమ్మకు నాన్నా. నేనూ ఇన్నిసూ వచ్చి నడుపుతాం."

మోర్వెన్ విషయంలో గావిన్‌కు బెంగ లేదు. గడ్డం బల్లకు అందిన నాటి నుంచి ఆ పిల్ల కొట్టులోనే పెరిగింది. బెంగంతా ఆమె పెళ్లాడబోయే ఇన్నిస్ గురించి. అతను బళ్లో భూగోళం చెప్పే పంతులు. మెత్తని మనిషి, మెత్తని గొంతు.

"మ్యాపులో రేవు ఎక్కడుందో చూపిస్తాడు సరే, ఆ రేవులో తాడు అమ్మగలడా?" అన్నాడు గావిన్.

"నాతో వాదించకు. ఏటా వెళ్తావు కదా గోల్ఫ్ యాత్రకి, ఈసారి వాణ్ణి తీసుకెళ్లు. తిరిగొచ్చాక నీ ఇష్టం, అమ్ముకుంటావో మాకిస్తావో. తిరిగొచ్చేదాకా మాత్రం ఎవరికీ మాటివ్వకు."

"సరే" అన్నాడు గావిన్. ఏటా వెంట వచ్చే నేస్తానికి ఎలాగూ తుంటి ఆపరేషన్ అయింది. సరుకు కొనేముందు నాలుగు రోజులు వాడి చూడమంటే కాదనే వ్యాపారి ఉండడు.

యాత్ర దారి అతనికి కంఠతా వచ్చు. తీరం వెంట ఉత్తరానికి వెళ్తూ, దిబ్బల మీద సముద్రానికి ఆనుకుని ఉన్న లింక్స్ అనే గోల్ఫ్ మైదానాల్లో రోజుకొక దాంట్లో ఆడటం. అక్కడ చెట్టుండదు. గాలి, ఇసుక, పొట్టి గడ్డి, కొబ్బరి వాసన కొట్టే పసుపు పూల ముళ్లపొదలు, అంతే. బంతిని ఆకాశంలోకి లేపినవాడిది గాలి పాలు. నేల మీద దొర్లించేవాడు బతుకుతాడు.

ఆట గుంత గుంతకీ పోటీ. ఎవరు ఎక్కువ గుంతలు గెలిస్తే వాళ్లది ఆట. అందులో ఒక ఆనవాయితీ ఉంది. ఎదుటివాడి బంతి గుంతకు దగ్గరగా ఆగితే, "తీసెయ్, పడినట్టే" అని ఆ పొట్టి దెబ్బ వదిలెయ్యవచ్చు. వాడు కొట్టనక్కర్లేదు, బంతి తీసి జేబులో వేసుకుంటాడు. వదలాలన్న రూలేమీ లేదు, మర్యాద అంతే. ఈ మర్యాద గావిన్ ఎవరికీ చెయ్యలేదు. పెళ్లైన కొత్తలో భార్య ఎల్‌స్పెత్‌కు కూడా చెయ్యలేదు. ఆమె ఆ తర్వాత అతనితో ఆడటం మానేసింది. స్కార్‌హేవెన్‌లో అతనికి కూడా ఎవరూ చెయ్యరు.

మొదటి మైదానంలో గావిన్ బంతి గుంతకు మూరెడు దూరంలో ఆగింది.

"తీసెయ్యండి ఫ్లెట్ గారూ, పడినట్టే" అన్నాడు ఇన్నిస్.

గావిన్ ఒక క్షణం అతని మొహం చూసి బంతి తీసుకున్నాడు. ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వద్దనాలి? కాసేపటికి ఇన్నిస్ బంతి అంతే దూరంలో ఆగింది. ఇన్నిస్ అతని వైపు చూశాడు.

"కొట్టు అబ్బాయ్" అన్నాడు గావిన్.

ఇన్నిస్ కొట్టాడు. బంతి గుంత అంచు చుట్టూ తిరిగి బయటికి వచ్చేసింది.

"చూశావా? పడినట్టే అనుకున్నది పడలేదు. నేను వదిలుంటే నీకు ఊరికే వచ్చేది, నాకు ఊరికే పోయేది."

"నిజమేనండి" అన్నాడు ఇన్నిస్ నవ్వుతూ. తర్వాతి గుంత దగ్గర గావిన్‌కు మళ్లీ వదిలేశాడు.

గావిన్ లెక్క అక్కడికక్కడే తేలిపోయింది. అడక్కుండానే ఇచ్చే చెయ్యి. ఈ చెయ్యి బల్ల వెనక ఉంటే రేవులో ప్రతి బోటువాడూ "వచ్చే వారం ఇస్తా" అని తాడు చుట్ట భుజానేసుకుని పోతాడు. చలికాలానికి అరలు ఖాళీ. ఆ సాయంత్రం బస చేసిన ఇంట్లో పొగబెట్టిన చేపల చారు తాగుతుంటే ఇన్నిస్ బయటికి వెళ్లి చాలాసేపు మోర్వెన్‌తో ఫోన్లో మాట్లాడాడు. గావిన్ కిటికీలోంచి చూశాడు. కుర్రాడు చేతులు ఊపుతూ చెబుతున్నాడు, ఉన్నట్టుండి పడీ పడీ నవ్వాడు. పోనీలే, పిల్లతో కులాసాగా ఉన్నాడు, అంతవరకు బాగుంది అనుకున్నాడు.

రెండోది చిన్న మైదానం. గొర్రెలు మేసే చోటు. గుంతల చుట్టూ పచ్చిక తొక్కకుండా తీగ కట్టి ఉంటుంది. గుడిసెలో కూర్చుని వచ్చేపోయే ఆటగాళ్లను చూసుకునే నెట్టా మోవట్ గావిన్‌ను చూడగానే గొంతెత్తింది.

"ఇదుగో వచ్చాడమ్మా స్కార్‌హేవెన్ పిసినారి! గావిన్, ఈ ఏడైనా ఎవరికన్నా ఒక దెబ్బ వదిలావా?"

"నీకే వదులుదామనుకున్నా నెట్టా, నువ్వేమో ఆడవు."

"నీతో ఆడి నేనేం బాగుపడాలి? ఈ అబ్బాయెవరు? ఎక్కడ కొనుక్కొచ్చావు?"

"ఇంకా కొనలేదు. చూస్తున్నా."

"అయ్యో నాయనా" అంది నెట్టా ఇన్నిస్‌తో. "పళ్లు కూడా చూశాడా, గుర్రానికి చూసినట్టు?"

"ఇవాళో రేపో చూస్తారండి" అన్నాడు ఇన్నిస్.

ఆ రోజు గాలి సముద్రం మీంచి నేరుగా వచ్చి మొహాన కొట్టింది. ఇన్నిస్ బంతి పోయి ఒక గొర్రె పొట్ట కింద ఆగింది. అతను విసుక్కోలేదు, అదిలించలేదు, అది లేచేదాకా నిలబడి దానితో వాతావరణం గురించి మాట్లాడాడు. గావిన్‌కు నవ్వొచ్చింది. కానీ నవ్వు వేరు, కొట్టు వేరు. పైగా ప్రతి గుంత దగ్గరా అదే పాట, "తీసెయ్యండి ఫ్లెట్ గారూ." గావిన్ తీసుకుంటూనే ఉన్నాడు. తన వంతు వచ్చినప్పుడు కర్ర మీద ఆనుకుని, "కొట్టు అబ్బాయ్" అంటూనే ఉన్నాడు.

అలా ఉత్తరానికి పోయేకొద్దీ రోజులు గడిచాయి. ఆటలు గావిన్‌వే. అయితే ఇన్నిస్ పొట్టి దెబ్బలు తప్పడం తగ్గింది. పచ్చిక ఎండి చదునైందిలే అనుకున్నాడు గావిన్. వ్యాన్లో కుర్రాడు బాగానే కబుర్లు చెప్పేవాడు. తీరం ఎక్కడ కోసుకుపోతోందో, ఏ రేవులో పూడిక పడుతోందో, ఏ ఊళ్లో పడవలు పెరుగుతున్నాయో అన్నీ తెలుసు. గావిన్ వింటూ, ఇతను మంచి పంతులు, పంతులుగానే ఉండనీ అని ఖాయం చేసుకున్నాడు. ఇంటికెళ్లగానే కంపెనీవాళ్లకు ఔనని చెప్పాలి. మోర్వెన్ ఏడుస్తుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కాసేపు ఏ మాటా వినబడేది కాదు.

ఆఖరి మైదానం సముద్రంలోకి పొడుచుకెళ్లిన ఒక నేల కొన మీద ఉంది. చివరి రోజు గాలి పడిపోయి, సముద్రం పళ్లెంలో పోసినట్టు నిలిచింది. లార్క్ పిట్టలు కనబడకుండా ఎక్కడో పైన కూస్తున్నాయి. ఆ రోజు ఇన్నిస్ కుదురుగా ఆడాడు. ఆఖరి గుంతకు వచ్చేసరికి ఇద్దరూ సమానం.

ఇన్నిస్ ముందు ముగించాడు. బారెడు దూరంలో ఉన్న బంతిని, గావిన్ నోరు తెరవకముందే, నింపాదిగా దొర్లించి గుంతలో వేశాడు. గావిన్ బంతి మూరెడు దూరంలో ఉంది. అది వేస్తే ఆట సమం.

గావిన్ ఆగాడు. "తీసెయ్యండి" అన్న మాట కోసం ఆగాడు.

ఇన్నిస్ సముద్రం వైపు చూస్తున్నాడు. దూరంగా ఏదో పడవ పోతోంది. దాన్ని ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏమబ్బాయ్?" అన్నాడు గావిన్.

"కొట్టండి ఫ్లెట్ గారూ" అన్నాడు ఇన్నిస్ మెత్తగా.

గావిన్ కర్ర పట్టుకుని వంగాడు. వారం నుంచి ఇంత పొట్టి దెబ్బ ఒక్కటీ కొట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. కర్ర కొత్తదానిలా ఉంది. మూరెడు దూరం రేవు పొడవంత కనబడింది. కొట్టాడు. బంతి గుంత అంచు చుట్టూ తిరిగి బయటికి వచ్చి ఆగింది.

గావిన్ తలెత్తి ఇన్నిస్ వైపు తిరిగాడు.

"వారమంతా వదిలావు. ఇది ఎందుకు వదల్లేదు?"

"ఇది వదిలితే గెలుపు పోతుంది కదండీ."

"మరి అవి?"

"అవి వదిలినా పెద్దగా పోయేదేం లేదు. ఎలాగూ మీరు వేసేవారే." ఇన్నిస్ చెవులు ఎర్రబడ్డాయి. "పైగా నేను వారమంతా పొట్టి దెబ్బలు కొట్టి కొట్టి నేర్చుకున్నాను. మీరే కొట్టించారు. మీరేమో ఒక్కటీ కొట్టలేదు."

గావిన్ కర్రను నేలకు ఆనించాడు.

"ఇది నీ బుర్రా, మోర్వెన్ బుర్రా?"

"మొదటి రోజు నేను మర్యాదకే వదిలానండి. ఆ సాయంత్రం ఫోన్లో చెబితే తను, 'వదులుతూనే ఉండు, ఒక్కటి తప్ప' అంది. ఆ ఒక్కటి ఏదో నన్నే చూసుకోమంది."

గావిన్ నవ్వాడు. ముందు ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. దిబ్బ మీది కుందేలు ఒకటి బెదిరి పొదలోకి దూరింది.

"రేపు కొట్లో బోటువాళ్లను కూడా ఇలాగే ముంచుతావా?"

"ఇప్పటికి మిమ్మల్నే కదండీ ముంచింది."

"గడుసు వెధవా! నడు, టీ తాగుదాం. 'ఫ్లెట్ గారూ' అనడం ఇక మానెయ్, గావిన్ అను. కొట్లో ఇద్దరు ఫ్లెట్ గార్లు ఉండాల్సిన పని లేదు, మా అమ్మాయి ఒక్కతి చాలు."

దక్షిణానికి దారి పొడుగునా గావిన్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఇచ్చే చెయ్యి అనుకున్నాడు. తప్పు. ఎక్కడ ఇవ్వాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి. తను ఇన్నేళ్లుగా ఆపడమే నేర్చుకున్నాడు. కొట్టుకు కావలసింది రెండూనని ఇప్పుడు, ఓడిపోయి నేర్చుకున్నాడు. ఇంటికి చేరగానే బూట్లైనా విప్పకుండా కంపెనీవాళ్లకు ఫోన్ చేసి కుదరదన్నాడు. ఆ తర్వాత మోర్వెన్‌కు చేశాడు.

"ఎవరు గెలిచారు నాన్నా?" అంది.

"తెలియనట్టు అడుగుతోంది చూడు" అన్నాడు గావిన్ భార్యతో. ఎల్‌స్పెత్ అప్పటికే నవ్వుతోంది.

చివరికి తేలిన లెక్క ఇది. బంతుల బస్తా సగం ముళ్లపొదల పాలైంది. ఒక ఆట పోయింది. కొట్టు మిగిలింది. నిచ్చెన ఎక్కేవాడు దొరికాడు, బేరం తెలిసిన కూతురు ఇంటికొచ్చింది. ఇప్పుడు గావిన్ మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు కొట్టు నేల మీద రంగు డబ్బా మూతలోకి పొట్టి దెబ్బలు సాధన చేస్తుంటాడు. ఇన్నిస్ ఆ రోజు నుంచి అతనికి ఒక్కటీ వదలడం లేదు. అదీ లాభం కిందే రాసుకున్నాడు.