ఒక వేలు పట్టేంత సందు

నేను ఒక చొక్కాను. అయితే నన్ను తొడుక్కుని పెళ్లికి వెళ్లినవాళ్లు ఇంతవరకు లేరు. నాకు చేతులు లేవు, కాలరు లేదు, జేబు అసలే లేదు. ముదురు నీలం రంగు దళసరి గుడ్డ, భుజాల మీంచి రెండు పట్టీలు, నడుముకు అటూ ఇటూ రెండు పట్టీలు, వీపు వెనక ఒక గట్టి జిప్పు. అంతే నా ఒళ్లు. కారులో కుదురుగా కూర్చోలేని పిల్లలకు నన్ను తొడిగి, నా పట్టీలను సీటు వెనకాల ఇనుప కొక్కేలకు బిగిస్తారు. చూడటానికి అందగాణ్ణి కాను. ఆ మాట నేనే ముందు ఒప్పుకుంటే మీకు అనే శ్రమ తప్పుతుంది.

ఒక నగరం శివారులో రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను కుట్టినామె పేరు కమరున్నీసా. పట్టీ గుడ్డను కలిసిన ప్రతిచోటా మూడు వరసల కుట్టు వేసేది. వేశాక నన్ను నేల మీద పడేసి, కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా పట్టీని లాగి చూసేది. తొక్కినందుకు మొదట్లో ఆమె మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆ తొక్కుడు విలువ నాకు తర్వాతెప్పుడో ఒక చలికాలం ఉదయాన తెలిసింది.

అక్కణ్ణుంచి హైదరాబాదులో పిల్లలకు ఫిజియోథెరపీ చేసే ఒక కేంద్రానికి వచ్చి బీరువాలో పడ్డాను. వాళ్లది మంచి పద్ధతి. నాలాంటివాటిని వాళ్లు అమ్మరు. అవసరమున్న పిల్లకు ఇస్తారు, పిల్ల ఎదిగి నేను పట్టనప్పుడు వెనక్కి తీసుకుంటారు. అలా నేను ఈక్షిత చేతికి, అంటే వీపుకి, వెళ్లాను.

ఈక్షితకు అప్పుడు ఏడేళ్లు. మాటలు రాలేదు. వాళ్లది గోదావరిఖని. నాన్న శ్రీశైలం బొగ్గు గనిలో ఫిట్టరు. నెలకోసారి థెరపీకి హైదరాబాదు రావాలి, కారులో ఐదు గంటల దారి. ఆ పిల్లకు లారీలంటే ప్రాణం. సీటు బెల్టుకుండే ఎర్ర బొత్తామంటే అంతకంటే ప్రాణం. నొక్కితే టక్కుమంటుంది కదా, అమ్మ ఎన్నిసార్లు పెడితే అన్నిసార్లు నొక్కేది. చివరికి వాళ్లమ్మ రజిత ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నడుం చుట్టూ చున్నీ కట్టి పట్టుకునేది. ఇరవై రెండు కిలోల పిల్లను ఐదు గంటలు ఎవరు పట్టుకోగలరు? ఒకసారి సిద్దిపేట దాటాక ఎదురుగా పెద్ద లారీ కనబడగానే ఈక్షిత చున్నీలోంచి జారి, ముందు సీట్ల మధ్యగా దూరి, నాన్న చేతిలోని స్టీరింగు పట్టుకుంది. ఆ రోజు వాళ్లు బతికి బట్టకట్టారు.

ఇక్కడ మనుషుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఈ శ్రీశైలం గనిలోకి దిగే ముందు టోపీ, దీపం, నడుము బెల్టు ఒకటికి రెండుసార్లు చూసుకునే మనిషి. పక్కవాడి టోపీ పట్టీ వదులుగా ఉంటే వాణ్ణి కూడా దిగనివ్వడు. అదే మనిషి భూమి పైన, బిడ్డను ఒళ్లో పెట్టించి ఎనభై మీద బండి తోలాడు. భూమి కింద ఉండే భయం పైకి రాగానే ఎటు పోతుందో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

స్టీరింగు సంగతి విన్నాక థెరపీ చేసే సుధారాణి మేడం మూడు వస్తువులు తీసుకుని వాళ్ల కారు దగ్గరికి వచ్చింది. ఒకటి పూల గుడ్డ వేసిన పిల్లల సీటు, రెండోది ఎత్తుగా కూర్చోబెట్టే దిండు, మూడోది నేను. రజిత కళ్లు సహజంగానే పూల మీదికి పోయాయి.

"ముందు మీ బండిలో పెట్టి చూద్దామమ్మా. పాపకు పట్టాలి, మీ సీటుకూ పట్టాలి. అన్నిటికంటే ముందు పాప ఒప్పుకోవాలి. తను ఒప్పుకోకపోతే ఎంత మంచిదైనా అటకెక్కాల్సిందే" అంది మేడం.

పూల సీటులో ఈక్షిత మోకాళ్లు గడ్డానికి తగిలాయి. దిండు మీద కూర్చోబెట్టి మామూలు బెల్టు పెడితే, ఐదు లెక్కపెట్టేలోపు టక్కుమనిపించి దిగి నవ్వింది. తర్వాత నన్ను తొడిగారు. పిల్ల చేతులు ఛాతీ మీద బొత్తాం కోసం తడుముకున్నాయి. దొరకలేదు. ఏడుస్తుందేమోనని నాకు గుబులు పట్టుకుంది. నాలుగు పట్టీలూ బిగిశాక ఎవరో గట్టిగా హత్తుకున్నట్టు అనిపించిందేమో, పెద్ద ఊపిరి వదిలి వెనక్కి వాలింది.

"కొందరు పిల్లలకు ఈ బిగువు అస్సలు పడదు. ఈమెకు పడింది" అని మేడం నా భుజం పట్టీ కింద చూపుడు వేలు పెట్టింది. "ఇదిగో, ఇక్కడ ఒక వేలు దూరాలి. రెండో వేలు కూడా దూరిందంటే వదులైనట్టే. లోపల స్వెటర్లు, శాలువాలు పెట్టొద్దు. చలేస్తే పైన కప్పండి."

శ్రీశైలం అప్పటిదాకా నన్ను తిప్పి తిప్పి చూస్తున్నాడు. "మేడం, రోడ్డు మీద ఏమన్న అయితే, బయటోళ్లకు దీన్ని ఎట్ల ఇప్పాల్నో ఎర్కుంటదా?" అని అడిగాడు. గని మనిషి భూమి పైకి వచ్చాడని నాకు అప్పుడు సంతోషమేసింది. నా ఛాతీ మీద ఒక కార్డు కుట్టించారు: 'నా పేరు ఈక్షిత. నేను మాట్లాడను. జిప్పు వీపు వెనక ఉంది.' అవసరమైతే పట్టీ కోయడానికి ఒక చిన్న కత్తి డ్రైవరు తలుపు అరలో చేరింది. నన్ను కోసే కత్తిని నా కళ్లెదుటే దాచుకున్నారు. నేనేమీ అనుకోలేదు.

ఇంటికి వెళ్లాక అసలు పరీక్ష ఎదురైంది. శ్రీశైలం తల్లి నర్సవ్వ, ఈక్షితకు బాపమ్మ, నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏందిరా శ్రీశైలం, పసిపిల్లను దొంగను కట్టేసినట్టు కడ్తవా? నా మనుమరాలు లేగదూడనుకున్నవా?"

"కట్టుడు కాదవ్వా, పట్టుకునుడు."

"పట్టుకోనీకి నేను లేనా? నలుగురిని సాదిన చేతులురా ఇవి!"

ఆ రోజునుంచి ఆమె నోట నా పేరు 'తాడు'. 'ఆ తాడు ఏడ పెట్టిండ్రు' అనేది. నలుగురు పిల్లల్ని పెంచిన చేతుల మీద నాకు గౌరవం లేకపోలేదు. అయినా తాడు అన్నందుకు మండింది.

ప్రయాణాలు సాఫీగా సాగాయి. రజిత ముందు సీటులోకి మారింది, వెనక బాపమ్మా మనుమరాలూ కూర్చునేవారు. గంటన్నరకోసారి ఆగి, నన్ను విప్పి, పిల్లను కాసేపు నడిపించేవాళ్లు. ఈక్షిత కిటికీలోంచి లారీలు చూస్తూ వేళ్లు ఆడించేది. రజిత మొదటిసారి కారులో కునుకు తీసింది.

డిసెంబరులో ఒక పొద్దున మంచు బాగా కురుస్తోంది. రజిత ఇంటికి తాళం వేయడానికి వెళ్లినప్పుడు, "నేను తొడుగుత పో" అంది నర్సవ్వ. నాలుగు మడతల శాలువా పిల్ల ఛాతీకి, నాకు మధ్య దోపింది. భుజం పట్టీలు రెండూ జానెడు వదులు చేసింది. "జర ఊపిరి ఆడనీ బిడ్డా" అని పిల్ల తల నిమిరింది. నాకు నోరుంటే ఊరంతా వినబడేట్టు అరిచేవాణ్ణి. శ్రీశైలం అద్దంలో వెనక్కి చూశాడు. నీలం రంగు కనబడింది. అది చాలనుకుని బండి తీశాడు.

కరీంనగర్ దాటాక పత్తి బస్తాల ట్రాక్టరు పక్క దారినుంచి రోడ్డెక్కింది. శ్రీశైలం బ్రేకు మీద నిలబడ్డాడు. ఆ జానెడు సందులో పిల్ల ముందుకు ఎగిరింది. సందు అయిపోయిన చోట నేను పట్టుకున్నాను. కమరున్నీసా కుట్టిన మూడు వరసలూ బిర్రబిగిశాయి, ఒక్క పోగు తెగలేదు. కానీ అప్పటికే పిల్ల మూతి ముందు సీటుకు కొట్టుకుంది. బెల్టు పెట్టుకోని నర్సవ్వకు నుదురు బొప్పి కట్టింది.

రజిత పరుగున దిగి వెనక తలుపు తీసింది. నెత్తురు తుడుస్తూ నా పట్టీ పట్టుకుని చూసింది. "గింత వదులు ఎట్లయింది?"

పట్టీల కిందినుంచి జారిన శాలువా నర్సవ్వ ఒళ్లో పడి ఉంది. దాచుకోవచ్చు, దాచుకోలేదు. "నేనే. నేనే సందు వెట్టిన. ముద్దు చేస్తున్న అనుకున్న, మూతి పలగ్గొట్టిన" అంది. రజిత చున్నీ మడిచి బిడ్డ పెదవికి అదిమిపట్టింది. తిట్టి ఉంటే ముసలమ్మకు కాస్త తేలికయ్యేది. వెనక్కి తిప్పి కరీంనగర్ ఆసుపత్రిలో చూపిస్తే పెదవికి రెండు కుట్లు పడ్డాయి, ముందు పన్ను ఒకటి పోయింది.

మరుసటి నెల బయల్దేరేటప్పుడు నర్సవ్వ నా దగ్గరికి వచ్చింది. పట్టీ కింద వేలు పెట్టి "ఒక్కటి" అంది. రెండో వేలు పెట్టబోయింది, దూరలేదు. అప్పుడు శాలువా తీసి పైన, నా మీద కప్పింది. నా కోపం ఆ శాలువా కిందే చల్లారిపోయింది. ఆనాటినుంచి ప్రతి ప్రయాణంలోనూ, ఆగిన ప్రతిచోటా, ఆమె వేలు పెట్టి "ఒక్కటి" అననిదే కొడుకు తాళం తిప్పడానికి లేదు. ఈక్షిత తల వంచి ఆ వేలినే చూసేది. ఎందుకు చూస్తోందో ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

రెండేళ్లు గడిచాయి. పిల్ల ఎదిగింది, నా పట్టీలు భుజాలు దాటి పైకి రాలేకపోయాయి. కేంద్రంలో పెద్ద కొలత చొక్కా ఒకటి సిద్ధం చేశారు. బూడిద రంగుది. నన్ను విప్పి మేడం చేతికిచ్చి, కార్డు తీసి దానికి కుట్టారు.

దాన్ని చూసి ఈక్షిత తోసేసింది. రజిత మళ్లీ తెచ్చింది. పిల్ల కేక పెట్టి కారు చుట్టూ తిరిగింది. రజిత ముఖం పాలిపోయింది. "ఇది ఏసుకోకుంటే ఎట్ల మేడం? మళ్ల ఒళ్లో పెట్టుకునుడేనా? ఇంక రానేలేమా?" మేడం నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. నేను పొట్టినైపోయాను, నాతో పంపడం కుదరదు. ఆ క్షణంలో ఒక్క జానెడు సాగగలిగితే ఎంత బాగుండునో అనుకున్నాను.

ఈక్షిత అటువైపు తలుపు దగ్గర ఆగింది. లోపల నర్సవ్వ కూర్చుని ఉంది, ఎప్పటిలాగే బెల్టు లేకుండా. పిల్ల లోపలికి వంగి, ఆమె భుజం పక్కనున్న బెల్టును లాగింది, ఒడి మీదుగా తెచ్చింది. తాను ఏడేళ్లప్పుడు నొక్కి నొక్కి విప్పిన చోటే దాన్ని గుచ్చింది. టక్కుమంది. తర్వాత బాపమ్మ భుజం దగ్గర బెల్టు కింద చూపుడు వేలు పెట్టింది. రెండో వేలు పెట్టబోయింది. దూరలేదు.

ముసలమ్మ కళ్లు తుడుచుకోలేదు. "ఒక్కటే బిడ్డా, ఒక్కటే" అంది.

ఈక్షిత చుట్టూ తిరిగి అమ్మ దగ్గరికి వచ్చి, జిప్పు పెట్టమన్నట్టు వీపు తిప్పి నిలబడింది.

కారు గేటు దాటిపోయింది. మేడం నన్ను చంకలో పెట్టుకుని బీరువా దాకా తీసుకొచ్చింది. లోపల పెట్టే ముందు, అలవాటు కొద్దీ కాబోలు, నా పట్టీ కింద వేలు పెట్టింది. లోపల పిల్ల లేదు కదా, చెయ్యంతా దూరింది.