బోర్లా పడుకున్న బొమ్మ

చైనాలోని షెంగ్‌జౌ బడిలో పాటనాటకం నేర్పే ముసలి చియు, అమెరికా బడితో కలిసి వేసే ఆ ఉమ్మడి ప్రదర్శనకు ఒప్పుకున్నది అమెరికా పిల్లల మీద ప్రేమతో కాదు. అతని భార్య యిన్‌ఫెంగ్ బతికినన్నాళ్లూ వేదిక మీద ఎత్తుకున్న చెక్క పసిబొమ్మ, ఆమె పోయాక పెట్టెలోంచి బయటికి రాలేదు. బిడ్డను వదిలిపోయే తల్లి ఘట్టం ఈ ఊళ్లో ఇప్పుడెవరూ ఆడరు. అమెరికా వాళ్లు అదే కావాలన్నారు. బొమ్మ మరోసారి వెలుగు చూస్తుంది. అతనికి కావలసింది అంతే.

తల్లి వేషం హాడ్లీ అనే అమెరికా పిల్లకు పడింది. ఒళ్లు వంచి నేర్చుకుంది. చియు ఒక్కనాడూ బాగుందనలేదు.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం అతను వేషాల గదిలోకి వచ్చేసరికి పెట్టె తెరిచి ఉంది. బొమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. మెడదాకా హాడ్లీ శాలువా. చైనా పిల్లలు గోడకు అంటుకుపోయి నిలబడ్డారు.

ఆ బొమ్మ నాటకాల వాళ్లకు దేవుడు. వేదిక దిగగానే బోర్లా పడుకోబెట్టాలి. మొహం పైకుంటే లేచి తిరుగుతుందని, ఆట చెడగొడుతుందని భయం.

"ఎవరు?"

"నేనే మాస్టారూ," అంది హాడ్లీ వచ్చీరాని చైనా భాషలో. ఆపైన మాట అందక చైనా పిల్లల్లో ఉన్న షువాన్ వైపు చూసింది. రెండు బళ్ల మధ్యా మాటలు చేరవేసేది షువానే.

"ఊపిరాడదేమో అనుకుందట మాస్టారూ. దానికేం తెలుసు పాపం."

"చెక్కకి ఊపిరా?"

"మేం దేవుడంటాం. అది పాప అంటోంది. చెక్క అన్నది మీరొక్కరే."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"నోరు తగ్గించు. బొమ్మకు బదులు గుడ్డమూట ఇవ్వు ఆ పిల్లకి. బొమ్మ బయటికి రాదు."

"అగరొత్తులు వెలిగించి దణ్ణం పెడుతుంది మాస్టారూ. పొద్దున్నించీ ఆ బొమ్మ కోసమే..."

"రాదన్నాను."

శాలువా తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. బొమ్మను బోర్లా తిప్పి, పెట్టెకు తాళం వేశాడు.

సాయంత్రం హాడ్లీ ఆ శాలువానే మూట కట్టి ఎత్తుకుంది. వేదిక మీది ఏటి ఒడ్డున దింపింది. వెళ్లబోయి ఆగింది. చూడ్డానికొచ్చిన బడి వంటశాల ఆడవాళ్లు ముక్కులు తుడుచుకున్నారు. చియు డోలు పక్కన నిలబడి చూశాడు. అడుగు తప్పలేదు. యిన్‌ఫెంగ్ వెనక్కి తిరిగే చోటే తిరిగింది. అతనికి ఏమీ అనిపించలేదు. కళ్లు మాత్రం మూట మీదే ఉన్నాయి. అది శాలువా.

బస్సెక్కే ముందు హాడ్లీ వచ్చి నిలబడింది.

"బొమ్మ మొహం ఎప్పుడు పైకి తిప్పుతారని అడుగుతోంది," అంది షువాన్.

"వేదిక మీద."

హాడ్లీ ఏదో అంది. చియు షువాన్ వైపు తిరిగాడు.

"చెప్పు."

"అయితే ఇవాళ కూడా అది ఏమీ చూడలేదన్నమాట, అంటోంది."

చియు చేత్తో బస్సు వైపు చూపించాడు.

బస్సు వెళ్లిపోయింది. ఈ ఘట్టం అడిగేవాళ్లు ఇక రారు. అతను గదిలోకి వెళ్లి పెట్టె తెరిచాడు. బొమ్మ వీపు కనిపించింది. ఎర్ర పట్టుచొక్కా, యిన్‌ఫెంగ్ కుట్టింది. తిప్పితే తిరిగేదే. అతను మూత వేశాడు. ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది. అదే తాగాడు.