తొమ్మిది సీసాలు

లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గర పెద్దకోడలిది పదిహేనేళ్ల అనుభవం. ఆసుపత్రి దుప్పట్లు గుట్టలుగా వచ్చిపడే ఆ రేకుల షెడ్డులో ఎండాకాలం పని చేయడమంటే పెనం మీద నిలబడడమే. నిరుడు ఒకామె నీళ్లు తాగక కళ్లెదుటే కుప్పకూలింది. అందుకే తన తోడికోడలు పనిలో చేరగానే గట్టిగా చెప్పింది, గంటకో లీటరు సీసా ఖాళీ చేయాల్సిందేనని.

తోడికోడలిని అందరూ పిచ్చుక అనేవారు. కడుపు చెరువైపోతోందక్కా అని అది మొత్తుకున్నా పెద్దావిడ చెవిన పెట్టేది కాదు.

ఆ రోజు పిచ్చుక పొద్దున ఆరింటికే ఖాళీ కడుపుతో వచ్చింది. మధ్యాహ్నానికి తల పగిలిపోతోందంది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగిసింది. వడదెబ్బేననుకుని పెద్దావిడ మరో రెండు సీసాలు దగ్గరుండి తాగించింది. కాసేపటికే పిచ్చుక భళ్లున కక్కేసింది. ఆ తర్వాత దుప్పటి అంచు పట్టుకుని, మడత ఎలా వేయాలో మరిచిపోయినట్టు అటూ ఇటూ తిప్పసాగింది.

పెద్దావిడ దాని భుజం పట్టుకుంది. "ఏమే, నేనెవరో చెప్పు."

పిచ్చుక ఆమె ముఖంలోకి వెర్రిగా చూసింది. "రైలు వెళ్లిపోయిందా?" అంది.

ఏం చేయాలో తోచక పెద్దావిడ మళ్లీ సీసా మూతే తీసింది. ఉతికే యంత్రాలు చూసుకునే ముసలాయన ఆ చేయి పట్టి ఆపాడు.

"వద్దమ్మా. తెలివి తప్పుతున్న మనిషి నోట్లో ఏదీ పోయకూడదు. ఆసుపత్రికి పద."

బండిలో పిచ్చుక ఒళ్లు కర్రలా బిగిసి కొట్టుకుంది. పెద్దావిడ దాన్ని పక్కకు ఒత్తిగిల్లజేసి పట్టుకుంది. 'నీ చేతుల్లో పెడుతున్నాను వదినా' అని మరిది అన్న మాటే ఆమె చెవుల్లో హోరెత్తింది.

ఎన్ని నీళ్లు తాగిందని డాక్టరమ్మ అడిగింది. మామూలుగానే అని పెద్దావిడ దాటేయబోయింది. డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తింది.

"మీ మీద కేసు పెట్టడానికి కాదండీ. మందు దాన్నిబట్టే ఉంటుంది."

"తొమ్మిది సీసాలు," అంది పెద్దావిడ, నేల చూస్తూ. "నేనే తాగించాను."

రక్తపరీక్ష వచ్చాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. చెమటతో ఉప్పు పోయింది, మితిమీరిన నీళ్లతో రక్తంలో మిగిలిన ఉప్పు పలచబడింది, దాంతో మెదడు వాచింది. చిక్కటి ఉప్పు సెలైను కొద్దికొద్దిగా ఎక్కించాలి, గంటగంటకూ రక్తం చూడాలి. తొందరపడి ఒక్కసారే పెంచినా మెదడుకే ముప్పు.

మరిది పరుగున వచ్చాడు. పెద్దావిడ ఏదీ దాచలేదు. అతను రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించింది. నర్సు లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఇద్దరూ ఒక్కసారే లేచేవారు.

సాయంత్రానికి పిచ్చుక కళ్లు తెరిచి మొగుణ్ణి పేరుపెట్టి పిలిచింది. ఆ తర్వాత పెద్దావిడ వైపు చూసి, "అక్కా, నీళ్లు మాత్రం ఇవ్వకు," అంది గొణుగుతూ. పెద్దావిడ నవ్వబోయి బావురుమంది.

పిచ్చుక మూడు రోజుల్లో ఇల్లు చేరింది. పెద్దావిడ నేరుగా యజమాని దగ్గరికి వెళ్లింది. దాహం తీరేంతే తాగాలి, తినకుండా ఎవరూ యంత్రం దగ్గర నిలబడకూడదు, చెమటలు కారే రోజుల్లో ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి, మధ్యలో నీడపట్టున విరామం ఇవ్వాలి అంది. ఆయన గొణిగాడు. ముసలాయన వచ్చి ఆమె పక్కన నిలబడ్డాక సరేనన్నాడు.

మర్నాడు ఆమె మొదటి పొట్లం చింపింది. దాని మీద రాసిన కొలత రెండుసార్లు చదివింది. లీటరు నీళ్లు కొలిచింది, నమ్మకం చాలక పారబోసి మళ్లీ కొలిచింది.