దువ్వెనకు లొంగని గడ్డ

తెర గుడ్డ ఒకటి కట్టలేని ఆస్పత్రి దొరల్లారా, చెన్నమ్మను నాటువైద్యానికి తరిమింది మీరే. మళ్లీ "మూఢజనం" అని మూతి విరిచేదీ మీరే!

చెన్నమ్మది కబ్బన్‌పేట. మగ్గం పని. ఎడమ రొమ్ములో గడ్డ తగిలి పెద్దాస్పత్రికి పోయింది. మంచమెక్కంగానే డాక్టరు "రవికె తీయమ్మా" అన్నాడు. చుట్టూ డాక్టరు చదువుకునే కుర్రోళ్ల గుంపు. ఆమె మొహం ఒక్కడూ చూడలేదు, వాళ్లలో వాళ్లే ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. చెన్నమ్మ కొంగు కప్పుకొని మంచం దిగింది. ఒక్క పరుగున బస్టాండులో పడింది.

"పాలగడ్డే అయ్యుంటాది" అని మనసుకు సర్దిచెప్పుకొని హొసకోటె బస్సెక్కింది. అక్కడ మారెమ్మవ్వ ఉండాది. బాలింతలకు పాలు గడ్డకడితే ఆముదం రాసి, కొమ్ముదువ్వెన వెచ్చజేసి, దువ్వి దువ్వి కరిగిస్తాది. చెన్నమ్మ కాన్పులన్నిటికీ ఆ చెయ్యే దిక్కు.

మారెమ్మ తలుపు మూసింది. "తిన్న్యావా పాపా?" అంది. చేతులు పొయ్యి దగ్గర కాచుకొని, "చూడనా?" అని అడిగి, అప్పుడు తాకింది. మెల్లగా నొక్కి చూసింది. దువ్వెన పక్కన పెట్టేసింది.

"ఏమవ్వా, దువ్వవా?"

"నీ చిన్నోనికి మీసాలొచ్చినాయి కదమ్మే. వానికింకా పాలిస్తా ఉండావా?"

చెన్నమ్మ పక్కున నవ్వింది. నవ్వుతానే ఏడ్చేసింది.

"రాయి మాదిరి ఉండాది. నొప్పి కూడా లేదంటివి. ఇది నా దువ్వెనకు లొంగేది కాదు పాపా. ఆస్పత్రికే పోవాల, జాగు చేయకుండా బిర్నా పోవాల."

"సచ్చినా పోను! అంతమంది ముందర మళ్లీ రవికె తీయాల్నా?"

"నేనొస్తా పద."

మర్నాడు అదే మంచం. అదే గుంపు. డాక్టరు మారెమ్మను చూసి, "ఈమెవరు, మంత్రాలు వేసే ముసలమ్మా?" అన్నాడు. కుర్రోళ్లు కిసుక్కుమన్నారు.

మారెమ్మ నోరు తెరవబోయింది. చెన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. అడిగి తాకిన ఆ చెయ్యి ఇప్పుడు తన చేతిలోనే ఉండాది.

"ఈమె నా ఒళ్లు చూసేముందు తలుపేసింది సామీ. మీకెందుకు చేతకాదు? నేనీ మంచం దిగను. ఈ పిల్లోళ్లను బయటికి పంపండి. తెర కట్టండి. ఆడ డాక్టరమ్మను పిలవండి. ఇది ఏం గడ్డో నాకు తెలిసే మాటల్లో చెప్పండి. రేపు గీపు కాదు, ఇప్పుడే!"