జడ్జిగారి గుటక

రోజూ పదిన్నరకి కోర్టు హాల్లో ముందు ఫ్యాన్లు తిరుగుతాయి, తర్వాత జడ్జిగారు వస్తారు, ఆయన వెనకే ఊడ్చే ఆవిడ చీపురూ చేటా పట్టుకొచ్చి బల్ల పక్కన నిలబడుతుంది. ఆయన అబద్ధమాడినప్పుడల్లా నోట్లోంచి బొద్దింక రాలుతుంది మరి. చిన్న అబద్ధానికి పిల్లది, పెద్దదానికి రెక్కలున్నది.

పదేళ్లు శాసనసభలో ఉన్నప్పుడూ అంతే. మైకు మీద పాకేవి, కార్యకర్తల చొక్కాల్లో దూరేవి. వాళ్లు దులుపుకుని చప్పట్లు కొట్టేవాళ్లు. ఇది రాస్తున్నవాడు రెండుసార్లూ ఆయనకే ఓటేశాడు కాబట్టి, ఇప్పుడు ముక్కు మూసుకునే హక్కు పెద్దగా లేదు. మూడోసారి ఓడిపోతే, ఎప్పుడో చదివిన లా డిగ్రీ దుమ్ము దులిపించి పార్టీవాళ్లు ఆయన్ని జడ్జిని చేశారు.

ఆ రోజు ఒక దర్జీ ఆవిడ కేసులో తీర్పు. అద్దె గది ఖాళీ చేస్తానని ఆమె సంతకం పెట్టిందంటూ యజమాని ఒక కాగితం చూపించాడు. ఆ యజమాని జడ్జిగారి బావమరిది. దర్జీకి ఆ గదే కొట్టు, ఆ గదే ఇల్లు.

"ఒక్క చేటే తెచ్చాను బాబూ. పెద్ద కేసని ముందే చెప్పొద్దూ?" అంది ఊడ్చే ఆవిడ స్టెనోతో.

"నాకు మాత్రం ఎవరు చెప్తారక్కా," అంటూ స్టెనో కాళ్లు కుర్చీ మీదికి మడుచుకున్నాడు.

"ఈ సంతకం దర్జీదేనని..." అంటూ మొదలెట్టిన జడ్జిగారు ఆగిపోయారు. బొద్దింక రాల్లేదు. గొంతుకి అడ్డం పడింది.

"నీళ్లు తాగు బావా," అన్నాడు బావమరిది ముందు వరసలోంచి. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి.

ఇలాంటప్పుడు ఆయనకో చిట్కా ఉంది. ఏదో ఒక నిజం చెబితే పురుగు వెనక్కి పోతుంది. సభల్లో అయితే "ఇవాళ ఎండగా ఉంది" అంటే సరిపోయేది.

"ఇవాళ మంగళవారం," అన్నారు కీచుగొంతుతో. కదల్లేదు. "నాకు యాభై ఎనిమిదేళ్లు." అదీ పని చెయ్యలేదు. అంత అబద్ధానికి అంత నిజమూ కావాలి కాబోలు. ఎంతటివాడికైనా ప్రాణం తీపి.

"ఆ సంతకం మా భోజనాల బల్ల మీద మా బావమరిదే పెట్టాడు. నేను చూశాను. ఆమె గది ఖాళీ చెయ్యక్కర్లేదు."

గొంతు తెరుచుకుంది. స్టెనో పెన్సిల్ ఆగలేదు. బల్ల మీంచి వచ్చిన మాట వచ్చినట్టు రాయడమే ఇరవై ఏళ్లుగా అతని పని.

"అది కొట్టెయ్యవయ్యా," అని లేచాడు బావమరిది. "ఊపిరాడక ఏదో అన్నాడు."

"రాయడం వరకే నా పని సార్. కొట్టెయ్యమని జడ్జిగారు చెప్పాలి."

అందరూ అటు చూశారు. జడ్జిగారు "నేనలా అన..." దాకా వచ్చారు. పెదాల మధ్య రెండు మీసాలు కదిలాయి. టక్కున నోరు మూశారు. తీర్పు మూడు పేజీలూ టైపై వచ్చేదాకా మూసే ఉంచారు. రెండో పేజీ మీద సంతకం పెడుతూ గుటక వేశారు. ఆ చప్పుడు వెనక బెంచీ దాకా వినిపించింది.

దర్జీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వాంతి ఆపుకుంటూనే, తీర్పు నకళ్లు రెండు అడిగింది.