వెలుగు ఆరిన గుంట

మా అక్క కణాలు పచ్చగా వెలిగాయంటే అవి బాధలో ఉన్నాయని అర్థం. నరాల జబ్బు అక్కను మంచాన పడేశాక ఆమె చేతి చర్మం గోరంత తీసి మా ల్యాబులో కణాలు పెంచాం. కష్టం రాగానే వెలిగే ప్రోటీనును వాటిలోకి ఎక్కించాం. ప్లేటులోని ఒక్కో గుంటలో ఒక్కో మందు వేసి, ఎక్కడ వెలుగు తగ్గుతుందా అని చూడటమే నా ఉద్యోగం.

ఈ సంగతి చెబితే అక్క పడుకునే నవ్వింది. "అంటే అవి కూడా నాలాగే గోల పెడతాయన్నమాట!"

"నీ నోరే ఆగదు, వాటిదెక్కడ ఆగుతుంది?" అన్నాను.

అక్క నోరు అలాంటిది మరి. కాఫీ చల్లారిందని, దుప్పటి మడత సరిగా లేదని, బావ గురక పెట్టాడని పొద్దస్తమానం సాధిస్తూనే ఉంటుంది.

ఆ రోజు పొద్దున్నే ఒక గుంట నల్లగా కనిపించింది. పచ్చదనం ఊసే లేదు. మా సారు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"కొట్టేశాం! ఇంటికి ఫోన్ చెయ్యమ్మా."

ఆయన తొందర నాకు తెలియనిది కాదు. అయినా ఆశ ఆగనిచ్చిందా? బావకి చెప్పేశాను. ఫోన్లోనే ఏడ్చేశాడు.

ఆ తర్వాత, చచ్చిన కణాలకు మాత్రమే పట్టే ఎర్ర రంగు వేశాను. గుంటంతా ఎర్రబడింది. బాధ తగ్గి వెలుగు ఆరలేదు, బాధపడటానికి ప్రాణమే మిగల్లేదు. ఛీ, నా మొహం మండా, ఆ రంగేదో ముందే వేసి ఏడిస్తే ఏం పోయేది!

బావకి ఏం చెప్పాలో తోచక ల్యాబు మెట్ల మీద కూలబడ్డాను. ఇంతలో ఆయనే ఫోన్ చేశాడు. గొంతు నిండా సంతోషం.

"ఇదిగో అమ్మాయ్, నీ మందు మాట వినగానే మీ అక్కకి సగం జబ్బు తగ్గిపోయింది. పొద్దుటి నుంచి ఒక్క తిట్టు లేదు. కాఫీ చల్లారినా ఏమీ అనలేదు. హాయిగా పడుకుంది."

నల్లబడ్డ ఆ గుంటే కళ్లముందు మెదిలి దిగ్గున లేచాను.

"బావా, లేపు. ముందు అంబులెన్సుకి చెప్పు."

"ఎందుకే, పాపం నిద్రపోనీ."

"లేపు బావా! ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టు."

పెట్టాడు. ఊపిరి ఒక్కటే వినిపించింది, అదీ ఆగి ఆగి. అందరూ చూస్తున్నా సిగ్గు లేకుండా అరిచాను.

"అక్కా, నీ కాఫీ చల్లారిపోయిందే. దుప్పటి ఎవరూ మడత పెట్టలేదు. తిట్టవే! ఒక్కసారి తిట్టు!"

అక్క ఏమీ అనలేదు.